మామ షాపు ఖాతా రాసినవాడికి క్యాంపస్ పరీక్ష కొరుకుడు పడలేదా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఏడో తరగతి సెలవుల్లో మా మేనమామ షాపులో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ మీద ఆడుకుంటూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. మొదట పాము గేమ్, తర్వాత మా ఊరి టోర్నమెంట్‌కు క్రికెట్ స్కోరు లెక్క. మామది ఎరువులు, పురుగుమందుల షాపు. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆయన ఉద్దెర ఖాతాల కోసం పైథాన్‌లో ఒక సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఇప్పటికీ రోజూ దాన్నే వాడుతున్నాడు. అప్పుడప్పుడు వడ్డీలో మూడు నాలుగు రూపాయలు తేడా వస్తుంది, అప్పుడు నన్ను తిడతాడు. ఇప్పుడు వరంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ ఫైనల్ ఇయర్. క్యాంపస్‌కు రెండు కంపెనీలు వచ్చాయి. రెండింట్లోనూ మొదటి రౌండ్ ఆన్‌లైన్ పరీక్షలోనే పోయాను. ల్యాబ్‌లో తప్ప బయట ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయని ఫ్రెండ్స్‌కు వచ్చింది. బాపు అమీర్‌పేటలో కోర్సు చెయ్యమంటున్నాడు, లేదంటే గ్రూప్స్ రాయమంటున్నాడు. ఇన్నేళ్లు నేర్చుకున్నది వేస్టేనా? ఇష్టంగా చేసే పనిని జీతం కోసం చేస్తే మొహం మొత్తుతుందంటారు, నిజమేనా? ఇంకో మాట. పక్క షాపాయన తనకూ ఆ సాఫ్ట్‌వేర్ కావాలంటున్నాడు. డబ్బులు అడగొచ్చా?

సమాధానం:

తమ్ముడూ, క్యాంపస్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ మామ తిట్ల దగ్గరికి వెళ్దాం. నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశావు గానీ, నీ ఉత్తరంలో అసలు సరుకు అక్కడే ఉంది.

ఒక లెక్క వేద్దాం. జులై 1న ఒక రైతు 3,450 రూపాయల మందులు ఉద్దెరకు తీసుకున్నాడు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. సెప్టెంబర్ 18న కట్టడానికి వచ్చాడు. నెలకు వడ్డీ 69 రూపాయలు. తారీఖుకు తారీఖు లెక్కేస్తే రెండు నెలల 17 రోజులు, అంటే 177 రూపాయల 10 పైసలు. అదే రోజులు లెక్కపెట్టి 30తో భాగిస్తే? జులై, ఆగస్టు రెండూ 31 రోజుల నెలలు కాబట్టి మొత్తం 79 రోజులు. వడ్డీ 181 రూపాయల 70 పైసలు. తేడా 4 రూపాయల 60 పైసలు. పైథాన్‌లో రెండు తేదీలు తీసేస్తే వచ్చేది రోజుల సంఖ్యే. నువ్వు దాన్ని 30తో భాగించి ఉంటావు. మీ మామ మాత్రం తారీఖుకు తారీఖు వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. నీ ప్రోగ్రామ్ చూడకుండా చెబుతున్నాను గానీ, తేడా ఇక్కడే ఉందని నా గట్టి అనుమానం.

ఇందులో ఎవరిది తప్పు? పైథాన్‌ది కాదు, మామది కూడా కాదు. నెల అంటే ఏమిటని నువ్వు ఆయన్ని అడగలేదు, అంతే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ అడిగే పనికే పెద్ద పేర్లు పెట్టి, దానికే వేరుగా మనుషుల్ని పెట్టుకుంటారు. నీకు ఆ పాఠం షాపు కౌంటర్ దగ్గర, తిట్లతో సహా, ఫీజు లేకుండా దొరుకుతోంది. ఈసారి వెళ్లినప్పుడు కోడ్ తెరవకు. ఒక నోట్‌బుక్ తీసుకుని ఆయన పక్కన కూర్చో. నెల అంటే ముప్పై రోజులా, తారీఖుకు తారీఖా? మధ్యలో కొంత కడితే ముందు వడ్డీకి పోతుందా, అసలుకు పోతుందా? 177 రూపాయల 10 పైసలు వస్తే ఆయన నోటితో ఎంత చెబుతాడు? 175 అంటాడని నా పందెం. అలాంటప్పుడు ఆ తగ్గింపుకు నీ ప్రోగ్రామ్‌లో ఒక గడి ఉండాలి. లేకపోతే రెండు రూపాయల బాకీ ఆ రైతు పేరు మీద ఏళ్ల తరబడి వేలాడుతుంది.

డబ్బును దశాంశాల్లో దాచుతున్నావేమో కూడా చూసుకో. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ అంకెల్ని 0, 1 అనే రెండు గుర్తుల పద్ధతిలో దాస్తుంది, అందులో పదో వంతు సరిగ్గా ఇమడదు. అందుకే డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచడం మంచి అలవాటు.

ఇంకో ప్రశ్న. మీ సాఫ్ట్‌వేర్‌లో రైతును దేనితో గుర్తుపడుతున్నావు? పేరుతోనా? మన వైపు ఒక్క ఊళ్లోనే నలుగురు కొమురయ్యలుంటారు. మామకు ఇబ్బంది లేదు, ఆయన చెరువుకట్ట కొమురయ్య, కంట్రోలు షాపు కొమురయ్య అని పిలుచుకుంటాడు. ఫోన్ నంబర్‌తో గుర్తుపడదామంటే తండ్రీకొడుకులకు ఒకటే నంబర్ ఉంటుంది, పైగా ఏడాదికోసారి మారుతుంది. ప్రతి రైతుకూ నువ్వే ఒక ఖాతా నంబర్ ఇచ్చుకుని, మిగతావన్నీ దాని కింద వివరాలుగా పెట్టుకోవాలి. బహుశా ఇప్పటికే పెట్టుకున్నావేమో. పెట్టుకుని ఉంటే, ఎందుకు పెట్టాల్సి వచ్చిందో గుర్తు చేసుకుని ఎక్కడైనా రాసుకో. దాని అవసరం తర్వాత పడుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, హాబీ ఎప్పుడు వృత్తి అవుతుందని నువ్వు ఎదురుచూస్తున్నావు. నీ విషయంలో అది ఎప్పుడో అయిపోయింది. పాము గేమ్ ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు. వానాకాలం ఉద్దెర ఇచ్చి, పత్తి అమ్మాకనో మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు తోలాకనో వసూలు చేసుకునే షాపులో ఖాతా తప్పిందంటే మామ డబ్బు పోతుంది, రైతు దగ్గర పరువు పోతుంది. ఇంకొకరి డబ్బు నీ ప్రోగ్రామ్ మీద ఆధారపడిన రోజే నువ్వు ఆ పనివాడివయ్యావు. ఆఫర్ లెటర్ లేకపోవడం వేరే సమస్య.

1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెబుతూ, ఇది ఉత్త హాబీ, పెద్దదేమీ కాదు అని రాశాడు. అదే లైనక్స్. అతను కూడా చిన్నప్పుడు తాతగారి కంప్యూటర్ మీద మొదలుపెట్టినవాడే. కథ వినడానికి బాగుంటుంది గానీ, నాకు ఇందులో నచ్చేది ఆ తర్వాతి భాగం. వేరేవాళ్లు దాన్ని వాడి, సవరణలు పంపడం మొదలుపెట్టాక, ఆ సవరణలన్నీ కలగాపులగం కాకుండా చూడటమే అతనికి పెద్ద పని అయింది. అందుకోసం వాడుతున్న సాధనం ఉచితంగా దొరకడం ఆగిపోయాక 2005లో గిట్ రాశాడు. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుంచుకునే సాధనం అది. ఇవాళ దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మొదటి రోజే నీ ముందు పెట్టేది అదే. నీ కంప్యూటర్‌లో ఇప్పుడు ‘ఖాతా ఫైనల్’, ‘ఖాతా ఫైనల్ 2’, ‘ఖాతా కొత్త ఫైనల్’ అనే ఫోల్డర్లు ఉండే ఉంటాయి. ఈ ఆదివారమే వాటి పని పట్టి గిట్‌లో పెట్టు. కోడ్ మాత్రమే పెట్టాలి సుమా. రైతుల పేర్లు, నంబర్లు, బాకీలు ఉన్న డేటా ఫైల్ పొరపాటున కూడా గిట్‌హబ్‌కు, అంటే కోడ్ పదిమందికీ చూపించే వెబ్‌సైట్‌కు, ఎక్కించకు. ఎవరికైనా చూపించాలంటే ఉత్తుత్తి పేర్లతో వేరే ఫైల్ తయారుచేసుకో. ఆధార్ నంబర్లు దాస్తుంటే తీసెయ్. యూరియా అమ్మినప్పుడు వేలిముద్ర ఎలాగూ ప్రభుత్వం పెట్టమన్న మిషన్‌లోనే పడుతుంది, నీ ఖాతాకు దాంతో పని లేదు.

ఇప్పుడు క్యాంపస్. నీ ఫ్రెండ్స్‌కు వచ్చి నీకు రాకపోవడంలో అన్యాయం ఏమీ లేదు. అది వేరే పరీక్ష. మొదటి రౌండ్‌లో శాతాలు, కాలం–పని, లాజిక్, ఇంగ్లిష్ పేరాలు, ఒకటో రెండో కోడింగ్ లెక్కలు ఇస్తారు. వేలమందిని కొద్ది గంటల్లో వడపోయాలి కాబట్టి అలా పెడతారు. నువ్వు షాపు సాఫ్ట్‌వేర్ రాయగలవో లేదో కనుక్కోవడం దాని పని కాదు. చిన్నప్పటి నుంచి సొంతంగా నేర్చుకున్నవాళ్లకు ఇక్కడ ఒక జబ్బుంటుంది. ‘నాకు కోడింగ్ వచ్చు కదా, ఈ చిల్లర లెక్కలేంటి’ అనుకుని ప్రాక్టీస్ చెయ్యరు. నీకా జబ్బు ఉందో లేదో నువ్వే చూసుకో.

కోడింగ్ లెక్కలు నీకు కొత్తగా కనిపిస్తాయి గానీ, వాటిలో సగం షాపులో చేసినవే. ఒక అంకెల వరుస ఇచ్చి, ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో కనుక్కోమంటారు. చాలా పాత, చాలాచోట్ల అడిగే ప్రశ్న ఇది. షాపులోకి తెచ్చుకో. రాజయ్య 7,400 తెచ్చి, ‘పటేలా, రెండు చిట్టీలు కొట్టెయ్’ అన్నాడు. అతని పేరు మీద 12 ఉద్దెర చిట్టీలున్నాయి. ఏ రెండు? ప్రతి చిట్టీని మిగతా అన్నిటితో కలిపి చూస్తే 66 జతలు, పెద్ద పనేం కాదు. చిట్టీలు 1,000 అయితే 4,99,500 జతలు. అదే ఒక్కో చిట్టీ తీసి, 7,400లో దాన్ని తీసేస్తే ఎంత మిగులుతుందో చూసి, ఆ మొత్తం ఉన్న చిట్టీ ఇంతకుముందే కంటపడిందా అని డిక్షనరీలో, అంటే చూసినవాటిని రాసి పెట్టుకునే పైథాన్ పట్టికలో, వెతికితే, 1,000 చిట్టీలను ఒక్కసారి తిరగేస్తే చాలు. పైథాన్ డిక్షనరీని నువ్వు ఏళ్లుగా వాడుతున్నావు. దాని లోపల హ్యాష్ టేబుల్, అంటే ఏది ఏ గడిలో ఉందో నేరుగా లెక్కకట్టి చెప్పే ఏర్పాటు, ఉంటుందని, అందుకే వెతకడం అంత తొందరగా అవుతుందని తెలుసుకుంటే పరీక్షలో సగం దారి నడిచినట్టే. ఎక్కువ బాకీ ఉన్న పదిమంది పేర్లు తియ్యడం, రెండు తేదీల మధ్య అమ్మకాలు తియ్యడం, వీటికి కూడా పుస్తకాల్లో పేర్లున్నాయి. పుస్తకం తెరిచి ఒక్కో అధ్యాయం చదువుతూ, ఇది షాపులో ఎక్కడ పనికొస్తుందని వెతుక్కో.

రోజూ గంటన్నర చాలు. అందులో సగం ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్‌కే ఇవ్వు, ఎందుకంటే నువ్వు పోయింది బహుశా అక్కడే. గడియారం పెట్టుకుని చెయ్యి. తీరిగ్గా చేసిన లెక్క పరీక్షలో పనికిరాదు. బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పిన సబ్జెక్టులు, ఏవైనా ఉంటే ముందు అవి దులుపుకో. చాలా కంపెనీలు 60 శాతం, సున్నా బ్యాక్‌లాగ్ లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వవు. ఏఐ సాయంతో ప్రాక్టీస్ చేస్తే చెయ్యి, కాకపోతే అది రాసిచ్చిన ప్రతి లైనూ ఎందుకు ఉందో నువ్వు చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో ‘ఇది కొంచెం మార్చి చూపించు’ అన్నప్పుడే చాలామంది నీళ్లు నములుతారు.

ఇంటర్వ్యూ దాకా వెళ్తే మాత్రం నీ చేతిలో తురుపు ముక్క ఉంది, దాన్ని పాడు చేసుకోకు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు చాలావరకు కొన్నవే అని అడిగేవాళ్లకు తెలుసు. అవే ముఖ గుర్తింపు హాజరు పట్టీలు, అవే స్మార్ట్ చెత్తడబ్బాలు. నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నప్పుడు, ఈ ప్రాజెక్టును ఎవరు వాడుతున్నారని అడిగితే ఎక్కువమంది దగ్గర జవాబు ఉండదు. నీ దగ్గర ఉంది. కానీ నువ్వు కూడా ‘పైథాన్, ఎస్‌క్యూలైట్ వాడాను సార్’ అని మొదలుపెడితే అందరిలో కలిసిపోతావు. నలుగురు కొమురయ్యలతో మొదలుపెట్టు. తర్వాత 31 రోజుల నెలలు, మామతో గొడవ, దాన్ని ఎలా సరిచేశావు అనేది. ఇంగ్లిష్‌లోనే చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఇంట్లో ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. మొదటిసారి విన్నప్పుడు సిగ్గేస్తుంది, అందరికీ అంతే. తెలుగు మీడియం అని ముందే క్షమాపణ చెప్పుకోవద్దు. తప్పుల్లేని ఇంగ్లిష్ కన్నా, తెగకుండా సాగే ఇంగ్లిష్ చాలు.

అమీర్‌పేట విషయంలో మీ బాపు మాటను కొట్టిపారెయ్యకు, కొడుకు ఖాళీగా ఉంటాడేమోనని ఆయన టెన్షన్ ఆయనది. కానీ రెండు నెలల పైథాన్ కోర్సు నీకు కొత్తగా నేర్పేది తక్కువ. ఫీజు, హాస్టల్ ఖర్చు వేరే. డిగ్రీ అయ్యాక ఫలానా టెక్నాలజీ నేర్చుకుంటే ఫలానా ఉద్యోగాలకు అప్లై చెయ్యొచ్చు అని నీకే స్పష్టంగా తెలిసినప్పుడు వెళ్లు. అక్కడ ‘బ్యాక్‌డోర్’లో పెట్టిస్తామని, ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ తయారుచేసి ఇస్తామని లక్షలు అడిగేవాళ్లు తగులుతారు. ఆ గుమ్మం తొక్కకు. కంపెనీలు పీఎఫ్ ఖాతా చూసి నువ్వు ఎప్పుడు ఎక్కడ పనిచేశావో సరిచూసుకుంటాయి. చేరిన ఆరు నెలలకు దొరికినా ఉద్యోగం పోతుంది, డబ్బు ఎలాగూ తిరిగి రాదు. గ్రూప్స్ గురించి ఒక్కటే మాట. అది మనసు పెట్టి చదివేవాళ్లకే సంవత్సరాలు పట్టే దారి, క్యాంపస్‌లో పోయామన్న కోపంతో పట్టాల్సింది కాదు.

ఇంటి దగ్గర ఉద్యోగాలు లేవా అంటే, ఉన్నాయి. వరంగల్ పక్కన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల ఆఫీసులు 2020 జనవరిలో మొదలయ్యాయి, కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో ఐటీ టవర్లు వచ్చాయి. ఖాళీలు పడితే తప్పకుండా అప్లై చెయ్యి. కానీ వాటినే నమ్ముకుని కూర్చోకు. మొదటి రెండు మూడేళ్లు హైదరాబాద్ అయినా, బెంగళూరు అయినా, పని బాగా నేర్పే టీమ్ దొరకడం ముఖ్యం. ఈసీఈ అని వెనకాడకు. సాఫ్ట్‌వేర్‌లో నీ పక్క సీట్లో మెకానికల్ వాళ్లు కూడా ఉంటారు. చిప్‌ల మీద నడిచే ప్రోగ్రాములు, అంటే ఎంబెడెడ్ పని, నచ్చితే నీ బ్రాంచికి అది సొంత ఇల్లు.

మొహం మొత్తడం గురించి. కొంత నిజమే. సొంతంగా రాసేటప్పుడు నచ్చింది మొదలుపెడతావు, విసుగొస్తే వదిలేస్తావు. ఉద్యోగంలో మొదటి ఏడాది నువ్వు కొత్తగా రాసేది తక్కువ. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన కోడ్ చదువుతావు. ఒక బటన్ పనిచెయ్యడం లేదని టికెట్, అంటే ఫిర్యాదు, వస్తుంది, మూడు రోజులు వెతికి ఒక్క లైను మారుస్తావు. పొద్దున మీటింగ్, సాయంత్రం మీటింగ్. హాబీగా వచ్చినవాళ్లు ఇక్కడే బెంబేలెత్తుతారు, లేదా ‘ఇదంతా చెత్త, మొత్తం మళ్లీ రాస్తా’నని బయల్దేరి సీనియర్లతో చివాట్లు తింటారు. ఆ చెత్తగా కనిపించే కోడ్‌లో ప్రతి వంకర వెనకా ఒక కొమురయ్య ఉంటాడు. ఎందుకలా రాశారో తెలుసుకోకుండా తీసేస్తే నెలాఖరుకు ఎవరి జీతమో ఆగిపోతుంది.

అయితే మూడు రోజులు వెతికి ఆ ఒక్క లైను పట్టుకున్నప్పుడు వచ్చే ఆనందం, పాము గేమ్ మొదటిసారి కదిలినప్పటి దానికి తీసిపోదు. అది నీకు పడుతుందో లేదో ఇప్పుడే పరీక్షించుకోవచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచినది, ఏదైనా తీసుకుని కొత్తవాళ్ల కోసమని గుర్తు పెట్టిన చిన్న తప్పు ఒకటి సరిచేసి పంపు. వేరేవాళ్ల కోడ్ చదవడం, నీ కోడ్‌ను ముక్కూమొహం తెలియనివాళ్లు తప్పుపట్టడం, రెండూ అలవాటవుతాయి. నెల రోజులు చేసినా చిరాకే మిగిలితే, అప్పుడు ఇది నీకు హాబీగానే బాగుందేమోనని ఆలోచించు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక పక్క షాపాయన. డబ్బులు తప్పకుండా అడుగు. ఊరికే ఇస్తే రాత్రి పదింటికి ఫోన్ చేసి ప్రింటర్ పనిచెయ్యట్లేదంటాడు, నువ్వు పరీక్ష వదిలేసి పరుగెత్తాలి. కానీ ముందు మామను అడుగు, ఇద్దరూ ఒకే వీధిలో పోటీ వ్యాపారం చేస్తున్నారు. ఆయన సరేనంటే, పెట్టి ఇవ్వడానికి ఇంత, ఏడాదికి చూసుకోవడానికి ఇంత అని వేరువేరుగా చెప్పు. ఆ ‘చూసుకోవడం’లో ఏవి వస్తాయో, ఏవి రావో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. జీఎస్టీ బిల్లులు నీ జోలికి రానివ్వకు, వాటికి ట్యాలీ ఉంది, ఆడిటర్ ఉన్నాడు. నీది ఉద్దెర ఖాతా వరకే. రోజూ షాపు కట్టేసే ముందు ప్రోగ్రామ్ ఆపి, డేటా ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే పని షాపువాళ్లదే అని ఆ కాగితంలో మొదటి లైనుగా రాయి. ఆ కాపీతో వేరే కంప్యూటర్‌లో ఖాతాలు మళ్లీ తెరుచుకుంటున్నాయో లేదో ముందు మామ షాపులో నువ్వే చేసి చూడు. పక్క షాపాయన ధర దగ్గర బేరమాడితే కాస్త తగ్గు. కాపీ తీసుకోవడం దగ్గర బేరమాడితే మాత్రం పని ఒప్పుకోకు.